దాసికో మాట ఉండేదట

ఉండేదట. అంత తేలిగ్గా చెప్పింది అమ్మ, సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత రాక కొంగుతో పట్టి తిప్పుతూ. నేను అడిగితే జవాబిచ్చినట్టు కూడా కాదు, ఎదురు గోడ మీది గడియారం ఆగిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "దాసికో మాట ఉంటుండె బిడ్డ, మీ అవ్వ చెప్తుండె." పది గంటలకు మొదలుకావలసిన నా వైవా ఇంకా మొదలుకాలేదు, హైదరాబాదు నుంచి రావలసిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు గారి రైలు ఎక్కడో ఆగి ఇప్పుడే కదిలిందట, మా గైడు విద్య మేడం ఆయన్ను తీసుకురావడానికి స్టేషనుకు పోయింది, నేను ఈ వరండా బెంచీ మీద ఏడేళ్ల థీసిస్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నల్ల అట్ట, బంగారు అక్షరాలు, కె. హేబ్సిబా. అందులో చివరి అధ్యాయం, అందరూ మెచ్చుకున్న అధ్యాయం, విద్య మేడం పుస్తకంగా వేద్దామన్న అధ్యాయం, ఒకే ఒక్క సంగతి మీద నిలబడి ఉంది. ఆ నాటకంలో దాసి మాట్లాడదు. ఎందుకు మాట్లాడదో అరవై పేజీలు రాశాను. ఇప్పుడు ఈమె దాసికో మాట ఉండేదంటోంది. మూత వచ్చింది. తను తాగకుండా సీసా నాకిచ్చింది. నేను తాగాను, నీళ్లు పొద్దున ఊళ్లో పట్టినవే, ఇంకా చల్లగానే ఉన్నాయి, ఇంత అయోమయంలో నీళ్లు చల్లగా ఉన్నాయని తెలియడం నాకే వింతగా ఉంది.

ఏ మాట అని అడగాలి కదా. అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. ఆ నాటకం గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ జిల్లాలో లేరని మూడు సెమినార్లలో నేనే నా నోటితో చెప్పుకున్నాను. మంగళగి దాటాక ఐదు కిలోమీటర్లు, కన్నడ సీమ అంచున తెలుగు మాట్లాడే మా ఊరు, అక్కడి చర్చి ముందు పందిట్లో ఏటా కోత పండుగ సాయంత్రం ఆడే నాటకం అది. నిజాం కాలంలో ఎవరో మిషన్ దొరసాని, ఆమెకు తెలుగు నేర్పిన మున్షీ, ఇద్దరూ కలిసి రాసింది. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి నోటుబుక్కు, ఊళ్లో ఆ నాటకం నేర్పించే జయానందం సారు ఇంట్లో పెట్టెలో ఉంటుంది. కథ చిన్నదే. రాజుగారి తమ్ముడు యుద్ధం గెలిచి వస్తాడు. తన కొడుక్కు రాజ్యం రాకుండా పోతుందని రాణి పాలలో విషం కలిపి, దాసి చేతికిచ్చి పంపుతుంది. తమ్ముడు తాగేలోపే పిల్లి తాగి చస్తుంది. ఆ పిల్లి వేషానికి మా ఊరి పిల్లల్లో ఎప్పుడూ కొట్లాటే. అప్పుడు రాజు లేచి దాసిని అడుగుతాడు, "ఓసీ దాసీ, ఈ పాలయందేమి కలిసెనో, ఎవ్వరు కలిపిరో నీవెరుగుదువా?" దాసి తల వంచి నిలబడుతుంది. హార్మోనియం ఎత్తుకుంటారు. అది మోగినంతసేపూ దాసి అట్లాగే నిలబడి ఉంటుంది, తర్వాత భటులు వచ్చి తీసుకుపోతారు. చివరి రంగంలో రాణి ఏడ్చి ఒప్పుకుంటుంది, రాజు క్షమిస్తాడు, అందరూ చేతులు పట్టుకుని పాట పాడతారు. ఆ పాటలో దాసి ఉండదు. ఏడేళ్ల వయసులో నేను మా నాన్నను అడిగాను, దాసిని ఇడిసిపెట్టిన్రా నాయనా అని. "నాటకమైపాయె, నడువు బిడ్డ," అన్నాడు.

చర్చిలో మారుమనసు అందరికీ ఒక్కటే పంచారు గానీ వేషాలు మాత్రం ఇళ్ల వారీగా పంచుకున్నారు మా వాళ్లు. ఎవరు పంచారో, ఎప్పుడు పంచారో తెలియదు. రాణి వేషం జయానందం సారు ఇంటి ఆడవాళ్లది. వాళ్ల అమ్మ హెలెనమ్మ కట్టింది, ఇప్పుడు వాళ్ల కోడలు షైనీ కడుతోంది. దాసి వేషం మా ఇంటిది. మా అవ్వ గుండమ్మ, ఆమె తర్వాత మా అమ్మ తాయవ్వ, మధ్యలో ఒక్క ఏడు నేను. రాణికి పట్టు చీర చర్చి పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు వేసి దాస్తారు. దాసికి దాని ఇంటి చీరే. మా అవ్వ హెలెనమ్మ ఇంట్లో అంట్లు తోమేది. పొద్దున అంట్లు తోమిన చీరతోనే సాయంత్రం పాలగ్లాసు పట్టుకుని నిలబడేది. వేషం మార్చుకునే కష్టం కూడా లేదు. ఈ వాక్యం ఇంగ్లీషులో రాసినప్పుడు నాకు చాలా బాగుందనిపించింది, రెండుసార్లు చదువుకున్నాను, అవ్వను తలచుకుని ఏడ్చానో, వాక్యాన్ని చూసుకుని ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను.

లోకంలో ఉన్న పాత నాటకాలన్నిటినీ దాసీల కోసం జల్లెడ పట్టాను. రాజులు సంస్కృతంలో మాట్లాడతారు, రాణులూ చెలికత్తెలూ దాసీలూ ప్రాకృతంలో మాట్లాడతారు. దొరల నాటకాల్లో ప్రభువులు పద్యం, నౌకర్లు వచనం. గ్రీకు వాళ్ల దగ్గర దాదులూ దూతలూ వస్తారు, చావు వార్త చెబుతారు, పోతారు, ఎక్కడికి పోతారో ఎవరికీ పట్టదు. వీళ్లకు పేర్లుండవు, ఒకటో దాసి, రెండో దాసి. క్లాసులో చెబితే వెనక బెంచీ నుంచి సంజు లేచి, మేడం, దాసి రెండు మార్కులకు వస్తుందా, ఐదు మార్కులకు వస్తుందా అన్నాడు. అసలు రాదు, కూర్చో, అన్నాను. ఇంతమంది నోరులేని వాళ్లను దాటి దాటి చివరికి మా ఊరి దాసి దగ్గరికి వచ్చాను. వచ్చి ఏం రాశానంటే, ఈమె మౌనం ఓటమి కాదు, ప్రతిఘటన. రాజు భాషలో, దొరసాని రాసిన భాషలో జవాబివ్వడానికి ఒప్పుకోని నోరు ఇది, మూడు తరాల ఆడవాళ్లు ఆ మౌనాన్ని ఆస్తిలా ఒకరి చేతి నుంచి ఒకరు అందుకున్నారు. అని. మొదటి పేజీలో అంకితం, నాకు మౌనం నేర్పిన మా అమ్మకు. ఆ మా అమ్మే ఇప్పుడు పక్కన కూర్చుని సంచిలో జొన్నరొట్టె మూట తడిసిందేమోనని వేళ్లతో ఒత్తి చూస్తోంది.

"ఏం మాటమ్మా," అన్నాను ఎట్టకేలకు. "రాణమ్మనే ఇచ్చింది, నేను మోసుకొచ్చిన. గంతే." గంతే. నాలుగు ముక్కలు. ఇంతలో ఎవరో లెక్చరరు అటుగా పోతుంటే అమ్మ లేచి నిలబడింది. ఆయన ఎవరో నాకే తెలియదు. పొద్దుటినుంచి ఇదే వరస, ప్యాంటు వేసుకున్న మనిషి పోతే చాలు లేవడం, పోయాక కూర్చోవడం. కూర్చోమ్మా, నీకేం పని, అంటే, "ఏం బోయింది, కాళ్లు సాగుతయ్" అంటుంది. మా ఆయన నోయల్ పొద్దున మమ్మల్ని ఇక్కడ దింపి కొల్హార్ ఫ్యాక్టరీలో ఫస్ట్ షిఫ్టుకు పోతూ, అత్తమ్మా, లోపలికి గూడ పోయి కూసో, బిడ్డ ఎట్ల మాట్లాడ్తదో చూడు, అన్నాడు. నేనే వద్దన్నాను. అంతా ఇంగ్లీషులో ఉంటుంది, విసుగొస్తుంది, బెంచీ మీద కూర్చో, అయిపోగానే పిలుస్తా, అన్నాను. మంచికే అన్నాను. మంచికే అన్నానా? ఆమె లోపల ఉంటే నా ఇంగ్లీషు తడబడుతుందని అన్నాను. ఆమె తల మీద కొంగు కప్పుకుని చివరి కుర్చీలో కూర్చుంటే, అందరూ ఆమె వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తారని అన్నాను. అదీ నిజం.

ఆ లెక్చరరు పోయాక అమ్మ కూర్చుని మళ్లీ అందుకుంది. "మీ అవ్వ మొదటేడు మర్సిపోయిందంట. బెదిరి." అయితే మరిచిపోయింది, సరే, మరిచిపోవడం వేరు, నాకు ఊపిరి ఆడింది, మరిచిపోవడాన్ని కూడా ఏదో ఒకటి అనవచ్చు, దేహం నిరాకరించింది అనవచ్చు, నా దగ్గర మాటలకు కొదువా. కానీ అమ్మ ఆగి, పైటతో ముక్కు తుడుచుకుని, "కాదు కాదు, మర్సిపోయిన అని మందికి చెప్పుకున్నది. మొదటేడు చెప్పింది. గట్టిగనే చెప్పింది," అంది. ఏది నిజమమ్మా? "రెండూ ఆమెనే చెప్పింది, నాకేమెరుక." చెప్పిందట. రాజు అడిగాడు, అవ్వ తల ఎత్తి, హెలెనమ్మ వైపు చెయ్యి చూపించి, రాణమ్మనే ఇచ్చింది నేను మోసుకొచ్చిన, అందట, మున్షీ రాసిన గ్రాంథికంలో కాదు, తన నోటి మాటలో. పందిట్లో జనం పొర్లి పొర్లి నవ్వారట. గుండమ్మ హెలెనమ్మను పట్టిచ్చిందిరో అని ఎవడో అరిచాడట. నాటకమే గదా. మర్నాడు పనికి పోతే వెనక తలుపు తీయలేదు. అంట్లు బయట పెట్టి ఉన్నాయి. "మల్ల కోత పండుగ దాంక వంటింట్లకు రానియ్యలేదంట, గల్మల్నే తోమి గల్మల్నే పెట్టి వొచ్చేది." అంతా గడప దగ్గరే. మరుసటి ఏడు నాటకం నేర్పించేటప్పుడు జయానందం సారు నాయన, నోటుబుక్కు ఆయన దగ్గరే ఉండేది, గుండమ్మా నీకు మాట లేదు, ఊకె నిలబడు, అన్నాడట. అవ్వ సరే అంది. "ఆమెకు గూడ అదే మంచిగనిపిచ్చిందంట, బతుకుదెరువు గదా," అంది అమ్మ, ఎవరినీ తప్పుపట్టకుండా.

నోటుబుక్కు. ఇప్పుడు కళ్ల ముందు ఆ పేజీ వచ్చి నిలబడింది. రాజు ప్రశ్న కింద వేలెడంత తెల్ల కాగితం అతికించి ఉంటుంది, గంజితో అతికించినట్టు అంచులు పసుపు తిరిగి. చినిగిన చోట అతుకు వేశారనుకున్నాను. ఫోటో తీశాను, థీసిస్‌లో వేశాను, కింద ఏమి రాశానంటే, వలస పాలకురాలైన రచయిత్రి స్థానిక స్త్రీకి మిగిల్చిన ఖాళీ ఇది. రామ రామ అననా, ప్రభువా అననా. ఎన్నడో చచ్చిపోయి ఏ మట్టిలోనో ఉన్న ఆ దొరసాని మీద ఎనిమిది పేజీలు విరుచుకుపడ్డాను. దొరసాని దాసికి నోరు ఇచ్చింది. మూసింది మనవాళ్లు, గంజితో. అట్లాగని దొరసాని పెద్ద పుణ్యాత్మురాలా? దాసికి పేరు పెట్టలేదు కదా, పాటలోకి రానివ్వలేదు కదా, రాణిని క్షమించి దాసిని మరిచింది ఆమే కదా. మరి ఎవరి మీద రాయాలి? రెండు పక్కలా చెయ్యి చాపితే రెండు పక్కలా గోడ. కుడితిలో పడ్డ ఎలుకలాగా ఉంది నా పని, పైకి రాలేను, మునగలేను. వరండా చివర నోటీసు బోర్డు మీద కన్నడంలో నా పేరు, నా వైవా తేదీ, బహిరంగ మౌఖిక పరీక్ష, ఆసక్తి ఉన్నవారందరూ రావచ్చు అని. ఆసక్తి ఉన్నవాళ్లు ఇంకా ఎవరూ రాలేదు, ఒక కుక్క వచ్చి నీడ చూసుకుని పడుకుంది.

అసలు ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా, ఏడేళ్లయింది కదా, రాత్రీ పగలూ నేను రాస్తుంటే నువ్వు చూడలేదా, అన్నాను, గొంతు నాకే తెలియకుండా పెరిగింది. అమ్మకు కోపం రాలేదు, కోపం వస్తే బాగుండేది. "నువ్వు నన్ను అడిగితివా బిడ్డ," అంది. అడిగాను కదా అనబోయాను. పాస్టరు గారిని అడిగాను. జయానందం సారును నాలుగు గంటలు అడిగాను. షైనీని అడిగాను, రాజు వేషం వేసే డేనియలన్నను అడిగాను, ముసలి హార్మోనియం మేస్త్రీని కూడా అడిగాను. తరతరాలుగా నోరు లేని వాళ్లకు గొంతు ఇస్తానని బయల్దేరి, నలభై ఏళ్లుగా ఆ గ్లాసు పట్టుకుని నిలబడుతున్న మనిషిని, నాకు పొద్దునా సాయంత్రం అన్నం పెట్టిన మనిషిని, ఒక్క ప్రశ్న అడగలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఎందుకు అడగలేదు? ఆమె చెప్పేది నాకు తెలుసుననుకున్నాను. ఆమె మౌనం గురించి రాస్తున్నాను కాబట్టి ఆమెకు మాట లేదనుకున్నాను. ఇట్లాంటిది ఎవరైనా వేరే వాళ్ల థీసిస్‌లో కనబడితే నేనే ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టేదాన్ని.

"మల్ల చెప్పబోయిన గూడ," అంది అమ్మ. "సారింట్ల. నువ్వు చెయ్యి జూపి ఊకోమంటివి." ఎప్పుడు? నేనా? ఆ రోజు గుర్తుంది, జయానందం సారు ఇంట్లో, నోటుబుక్కు బల్ల మీద, నా ఫోను రికార్డింగులో పెట్టి, సారుకు వయసైంది కాబట్టి మధ్యలో టీ కావాలి, షైనీ ఊళ్లో లేదు, అమ్మ వాళ్ల వంటింట్లోకి పోయి టీ పెట్టింది. ఆ వంటింట్లోకే. ఆ సంగతి కూడా నాకు ఇప్పుడు తడుతోంది. గుమ్మం దగ్గర నిలబడి టీ అందించింది. ఊకోమన్నానా? ఫోను తీశాను. ఆ రికార్డింగు ఇంకా ఉంది, మూడేళ్లయినా నేను ఏదీ తుడిచెయ్యను, అదొక్కటే నా మంచి గుణం. ఇయర్ ఫోను ఒక చెవిలో పెట్టుకుని ముందుకు జరిపాను, వెనక్కి జరిపాను, జయానందం సారు దగ్గు, జయానందం సారు నాయన గొప్పతనం, కప్పుల చప్పుడు, ఇదిగో ఇక్కడ, "ఇక్కడ దాసికి సంభాషణ లేదమ్మా, మొదటి నుంచీ లేదు," సారు గొంతు, వెనక కొంచెం దూరంగా అమ్మ గొంతు, "ఉంటుండె సార్." ఆ వెంటనే, దగ్గరగా, ఫోను పక్కనుంచి, "ష్." నా గొంతు. నాది. విద్యార్థులు గోల చేస్తే అనే ష్. ఆ తర్వాత సారు సంతోషంగా ముందుకు పోయాడు. ఈ భాగం కాగితం మీద ఎత్తిరాసినప్పుడు నేను కుండలీకరణంలో వంటింటి చప్పుడు అని రాశాను. అనుబంధం మూడు, పేజీ మూడు వందల ఒకటి. అచ్చులో ఉంది. నేను ఇయర్ ఫోను తీసి చేతిలో చుట్టుకుంటూ కూర్చున్నాను, అమ్మ ఏమొచ్చింది ఫోన్ల అని అడిగింది, ఏమీ లేదన్నాను.

ప్యూను నర్సప్ప వచ్చి, "మేడం, ఎక్స్‌టర్నల్ సారొచ్చిండు, ఉప్మా తింటుండు, పది మినిట్ల పిలుస్తరు," అని చెప్పి, అమ్మను చూసి, "నమస్తే అమ్మ, జర ఆగున్రి, ఛాయ్ తెస్త," అన్నాడు. అమ్మ ఛాయ్ వద్దంది, వద్దంటూనే లేచి నిలబడింది. పది నిమిషాలు. ఇప్పుడేం చెయ్యాలి. ఏమీ చెయ్యనక్కరలేదు. ఈ మాట నాకూ అమ్మకూ తప్ప ఎవరికి తెలుసు? లోపలికి పోయి రాసినదే చెబితే సరిపోతుంది, ఎక్స్‌టర్నల్ గారు తల ఊపుతారు, అభినందిస్తారు, శాలువా కప్పుతాం, బిద్రీ పూలకుండీ చేతిలో పెడతాం, ఫోటో, సాయంత్రానికి నేను డాక్టర్ హేబ్సిబా. పదకొండేళ్లుగా గెస్టు లెక్చరరును, ఏటా జూన్‌లో నన్ను మళ్లీ పిలుస్తారా లేదా అని ఫోను చూసుకునే బతుకు, ఈ డిగ్రీ వస్తే పర్మనెంటు పోస్టుకు అర్హత వస్తుంది, వయసు పరిమితికి ఇంకా రెండేళ్లే ఉంది. చెప్పేస్తే? నా చివరి అధ్యాయం తప్పు సార్, నిన్నటిదాకా రైటు, ఈ పొద్దున పదింటికి తప్పయింది, అంటే? మళ్లీ రాసుకు రమ్మంటారు. ఎన్నేళ్లు? విద్య మేడం ముఖం ఏమవుతుంది. జయానందం సారుకు తెలిస్తే ఊళ్లో ఏమవుతుంది, వచ్చే కోత పండుగకు ఎవరి గిన్నెలు ఎవరి గల్మల్లో పెడతారు. పోనీ, అమ్మకు గుర్తుందనేదే నిజమా? ముందు మరిచిపోయిందంది, ఆ వెంటనే చెప్పిందంటోంది, ఇంకో గంటకు ఇంకోటి అనవచ్చు, ఇది ఆధారమా, సాక్ష్యమా, ముసలావిడ ముచ్చటా? ఇట్లా అనుకున్నానా నేను, మా అమ్మను ముసలావిడ అన్నానా? ఆ తెల్ల కాగితం వెనక ఏముందో ఎవరైనా నీళ్లతో తడిపి తీస్తే తెలుస్తుంది. అయితే అమ్మ మాట నమ్మడానికి నాకు కాగితం కావాలి. రాజు కూడా అంతే కదా, దాసి మాట చాలలేదు కదా, చివరికి రాణి ఒప్పుకుంటేనే కదా నిజమయింది.

నేను వేషం కట్టిన ఏడు గుర్తొస్తోంది. అమ్మకు చలిజ్వరం. నాకు పన్నెండేళ్లు. అమ్మ పని చీరను నడుం దగ్గర నాలుగు మడతలు వేసి కట్టారు. ఇత్తడి గ్లాసులో పాలు కాదు, సున్నపు నీళ్లు, పిల్లి వేషం వేసిన పోరడికి అవి తాగినట్టు నటించడానికి భయం. డేనియలన్న నాయన రాజు, గడ్డం దారంతో చెవులకు కట్టుకుని, ఓసీ దాసీ అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చెప్పేద్దామనుకున్నాను, రాణి రాణి రాణి అని, నోట్లో తయారుగా ఉంది మాట, ఎవరూ నేర్పకుండానే. తెర వెనక దుప్పటి కప్పుకుని నిలబడిన అమ్మ వైపు చూశాను. అమ్మ పెదవుల మీద వేలు పెట్టింది. నేను ఊరుకున్నాను. ఇది కూడా రాశాను థీసిస్‌లో, తల్లి కూతురికి మౌనాన్ని అప్పగించిన క్షణం అని. ఒకరికి ఒకరం ష్ చెప్పుకున్నాం, అమ్మా, నువ్వు నాకు అక్కడ, నేను నీకు వంటింటి గుమ్మంలో. నీది భయం అనుకుంటే నాది ఏమిటి?

"ఆ ఏడు నన్నెందుకు ఊకోమన్నవమ్మా," అన్నాను. నాకే తెలియకుండా ఇంటి మాటలోకి వచ్చేశాను, ఈ బిల్డింగులో ఎప్పుడూ రాను. అమ్మ సంచి సర్దడం ఆపింది. "నువ్వు గట్టిగ చెప్తవ్ బిడ్డ. నీ మొఖంల కనవడ్డది. నేనైతే మెల్లగ చెప్తుంటి." ఏం మెల్లగ? "అదే. రాణమ్మనే ఇచ్చింది, నేను మోసుకొచ్చిన. హార్మోనియం ఎత్తుకుంటరు గదా, దాని సాటుకు చెప్తుంటి. ఏటేట. తల వంచుకున్నంక నోరు కదిలేది ఎవలికి కనవడ్తది? మీ అవ్వ గూడ గట్లనే చెప్తుండె, మొదటేడు తప్ప. నేను కొత్తగ కోడలై వొచ్చినప్పుడు, వేషం ఇచ్చేటప్పుడు చెవ్వుల చెప్పింది, మాట మర్వకు, చెప్పు, గని ఎవలికినవడొద్దు అని." పోయినేడు గూడ? "పోయినేడు గూడ చెప్పిన. షైనీ పక్కకే నిలవడ్డది, ఇనవడ్డదో ఏమో, నా దిక్కు ఒకసారి జూసింది." నేను పోయినేడు ముందు వరసలో కూర్చున్నాను. వీడియో తీశాను. నలభై ఏళ్లు. ఏటా ఒక్కసారి. ఆ హార్మోనియం కింద. నేను చిన్నప్పుడు ముందు వరసలో, పెద్దయ్యాక కుర్చీలో, పుస్తకం పట్టుకుని, పెన్ను పట్టుకుని, ఫోను పట్టుకుని ఆమె ముఖంలోకే చూశాను, ఆమె పెదవులు కదులుతుంటే ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను, ఎక్కడో రాశాను కూడా. మౌనం, మౌనం, మౌనం అని అరవై పేజీలు. నాకు ఏడుపు రావాలి, నవ్వు లాంటిది ఒకటి వచ్చింది. మరి నాకెందుకు ఆ మాట చెవిలో చెప్పలేదు, నేను కూడా ఈ ఇంటి ఆడపిల్లనే కదా, నన్నెందుకు ఒదిలేశావు, అని అడగాలనుకున్నాను, అది రోషమో అసూయో తెలియలేదు, అమ్మ అంతకు ముందే జవాబు చెప్పేసిందని గుర్తొచ్చింది. నువ్వు గట్టిగ చెప్తవ్.

గట్టిగా చెప్పిన అవ్వ ఒక ఏడు వంటింట్లోకి పోలేదు. మెల్లగా చెప్పిన అమ్మ నలభై ఏళ్లు చెప్పింది. ఇందులో ఏది ప్రతిఘటన, ఏది బతుకుదెరువు, ఏది కేవలం అలవాటు, నాకు నిజంగా తెలియడం లేదు. తెలియదు అని రాయడానికి థీసిస్‌లో చోటు ఉండదు. నర్సప్ప తలుపు తెరిచి, "హేబ్సిబా మేడం, రమ్మంటున్రు," అన్నాడు. లోపల ఫ్యాన్ల చప్పుడు, కుర్చీలు జరుగుతున్న చప్పుడు. లేచాను. థీసిస్ బరువుగా ఉంది. అమ్మ లేచి నా చీర కుచ్చిళ్లు ఒకసారి సవరించి, వీపు మీద చెయ్యి వేసి, "పో బిడ్డ, ప్రభువున్నడు. నేనీడనే ఉంట," అంది. మళ్లీ బెంచీ మీద కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుని, తలుపు పక్కనే. నేను నాలుగు అడుగులు వేసి ఆగాను. వెనక్కి వచ్చాను. నర్సప్ప తలుపు పట్టుకుని చూస్తున్నాడు.

"నువ్వు గూడ రా అమ్మా," అన్నాను.

"నేనొచ్చి ఏం జెయ్యాలె లోపట?"

"నన్నడుగుతరు, దాసి ఎందుకు మాట్లాడలేదని. నాకు తెల్వదు. నువ్వు చెప్పు."

అమ్మ నా ముఖంలోకి చూసింది, పరిహాసమాడుతున్నానేమోనని. సంచి బెంచీ మీద పెట్టింది. కొంగు తల మీదికి లాక్కుంది, మళ్లీ ఏమనుకుందో భుజం మీదికి దించుకుంది. తలుపు లోపలికి, అక్కడ వరసగా కూర్చున్న వాళ్ల వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"గట్టిగనా?" అని అడిగింది.